మీకు తెలుసా? సిరొంచ ఎముకల నుంచి దొంగ జర్నళ్ల దాకా

* మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో, ప్రాణహిత నది ఒడ్డున కోట అని ఒక చిన్న ఊరుంది. అక్కడి జురాసిక్ కాలపు రాతిపొరలను ప్రపంచమంతా 'కోటా ఫార్మేషన్' అంటుంది. అదే తాలూకా పోచంపల్లి దగ్గర (చీరల పోచంపల్లి కాదు) 1960 ప్రాంతంలో కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు రాక్షసబల్లి ఎముకలు తవ్వి తీశారు. బారపాసారస్ టాగోరై అనే ఆ జీవిని లోకానికి పరిచయం చేసిన పత్రం 1975లో లండన్ రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో వచ్చింది. తవ్వకానికీ అచ్చుకూ మధ్య దాదాపు పదిహేనేళ్లు! మూడు రోజుల్లో అచ్చేస్తామని మెయిళ్లు పంపే జర్నళ్లను ఏమనాలి?

* మారుమూల జిల్లా అని చిన్నచూపు అక్కర్లేదు. గడ్చిరోలి పల్లెల్లో ఇంటివద్దే పసికందుల సంరక్షణపై అభయ్ బంగ్, రాణీ బంగ్ బృందం చేసిన అధ్యయనాన్ని 1999లో లాన్సెట్ వైద్య పత్రిక వేసింది.

* ఓపెన్ యాక్సెస్ అంటే చదివేవాళ్లకు ఉచితం. రాసేవాళ్లు డబ్బు కట్టి తీరాలని కాదు. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ తన జర్నళ్లను వెబ్‌సైట్లో అందరికీ చదవనిస్తుంది. రచయిత దగ్గర ప్రచురణ రుసుమూ తీసుకోదు.

* హైదరాబాద్ కేంద్రంగా నడిచిన జర్నళ్ల ప్రచురణ సంస్థ ఓమిక్స్‌పై అమెరికా ఫెడరల్ కోర్టు 2019లో 5 కోట్ల డాలర్లకు పైగా కట్టాలని తీర్పిచ్చింది. నిపుణుల సమీక్ష జరగకుండానే జరిగిందనడం, అడగకుండానే ప్రొఫెసర్ల పేర్లు ఎడిటర్లుగా వేసుకోవడం, పత్రం తీసుకున్నాకే రుసుము బయటపెట్టడం ఆరోపణల్లో ముఖ్యమైనవి. మన హైదరాబాద్ పేరు ఇలా రచ్చకెక్కడం బాధే.

* 2013లో జాన్ బొహానన్ అనే విలేఖరి, చూడగానే తప్పులు దొరికే దొంగ పత్రాన్ని 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకు పంపాడు. 157 జర్నళ్లు సరే అన్నాయి. 'అంతర్జాతీయ' అనే మాట పేరులో ఉంటే చాలనుకునేవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

* ఐఎస్ఎస్ఎన్ నంబరు నాణ్యతకు ముద్ర కాదు. అది పత్రికకు గుర్తింపు సంఖ్య, అంతే.

* విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లో తన ఆమోదిత జాబితా నుంచి 4,305 జర్నళ్లను తీసేసింది. దాని బదులు 2019లో 'కేర్' అనే జర్నళ్ల జాబితా తెచ్చింది. 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఆపేసింది. అంటే గడ్చిరోలి గోండ్వానా యూనివర్సిటీలోనైనా, వరంగల్ కాకతీయలోనైనా, ఇక జర్నల్ మంచిచెడ్డలు మీరూ మీ గైడూ చూసుకోవలసిందే. పీహెచ్‌డీ సమర్పణకు ముందు పత్రం అచ్చవ్వాలన్న నిబంధనను యూజీసీ 2022లోనే తీసేసింది కాబట్టి తొందరపడే కారణం కూడా ఒకటి తగ్గింది.

* మరి చూసుకోవడం ఎలా? డీఓఏజే అనే ఓపెన్ యాక్సెస్ జర్నళ్ల డైరెక్టరీ 2003లో స్వీడన్‌లోని లండ్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. జర్నల్ తన గురించి ఏం చెప్పుకున్నా, ఆ డైరెక్టరీ సైట్లో మీరే వెతకండి. పేరు అక్షరం పొల్లుపోకుండా సరిచూడండి, మంచి జర్నళ్లకు నకళ్లు పుట్టించే వెబ్‌సైట్లున్నాయి. ఎడిటర్లలో ఇద్దరికి మెయిల్ రాసి, నిజంగా ఆ పదవిలో ఉన్నారా అని అడగండి. మీ విషయంపై పాత సంచికల్లో వచ్చిన పత్రాలు చదవండి. చదవబుద్ధి కాకపోతే మీ పత్రం అక్కడికి ఎందుకు? రుసుము ఎంతో ముందే రాసి పెట్టని జర్నల్‌కు మాత్రం పంపకండి.