ఒక కన్ను చాలదు

వరంగల్లు నుండి ఖమ్మము పోవు రహదారి మరిపెడ మీదుగా సాగును. కోతల దినములలో ఒకనాటి రాత్రి ఆ దారిని ఊహింపుడు. ఒక ప్రక్క ధాన్యము ఆరబోసి చుట్టును రాళ్లు పెట్టియున్నారు. ముందు వెనుక దీపము లేని ట్రాక్టరు ట్రాలీ ఒకటి నెమ్మదిగా పోవుచున్నది. ఎదుటి లారీ వెలుగు కన్నులకు మిరుమిట్లు గొలుపుచున్నది. ఇట్టిచోట డ్రైవరు కంటితోనే గాక చెవితోను, పూర్వానుభవముతోను దారిని కనిపెట్టును. మరి డ్రైవరు లేని బండి ఈ పనిని ఎట్లు చేయగలదు?

ఈ ప్రశ్నపై మన రాష్ట్రముననే పరిశోధన జరుగుచున్నది. సంగారెడ్డి జిల్లా కందిలోని హైదరాబాదు ఐ.ఐ.టి.యందు స్వయంచోదక వాహనముల పరీక్షాక్షేత్రము ‘తిహాన్’ 2022 జూలై 4న ప్రారంభమైనది.

ఇట్టి బండ్లకు సాధారణముగా అమర్చు ఇంద్రియములలో మూడు ముఖ్యమైనవి. మొదటిది కెమేరా. ఇది రంగును, రూపమును, బోర్డుపై అక్షరములను గుర్తించును, చీకటిలో తడబడును. రెండవది రాడార్. ఇది రేడియో తరంగమును పంపి, వస్తువును తాకి తిరిగివచ్చుటకు పట్టిన కాలమును కొలుచును. తరంగము సెకండునకు 3 లక్షల కిలోమీటర్లు పోవును. సెకండులో పది లక్షలవ వంతును పది పాళ్లు చేసి, అందు 4 పాళ్ల కాలములో అది తిరిగివచ్చినచో, పోయి వచ్చిన దూరము 120 మీటర్లు. కనుక వస్తువు 60 మీటర్ల దూరమున నున్నది. చీకటి, దుమ్ము రాడార్‌కు పెద్ద ఆటంకములు కావు. కాని వస్తువు రూపము దానికి స్పష్టముగా తెలియదు. మూడవది లేసరు కాంతితో కొలుచు లైడార్. ఇది రూపమును, దూరమును నిశితముగా చెప్పును. దట్టమైన పొగమంచులో బలహీనపడును.

ముగ్గురు సాక్షులు మూడు మాటలు చెప్పినచో ఎవరిని నమ్మవలెను? రాడార్ 60 మీటర్లనియు, కెమేరా 65 మీటర్లనియు చెప్పినవనుకొందము. రాడార్ కొలతలో 1 మీటరు, కెమేరా కొలతలో 3 మీటర్లు పొరపాటు ఉండవచ్చునని ముందే తెలియును. అప్పుడు పొరపాటు యొక్క వర్గమునకు విలోమముగా విలువ నీయవలెను: రాడార్ మాటకు 9 పాళ్లు, కెమేరా మాటకు 1 పాలు. (9×60 + 1×65) ÷ 10 = 60.5 మీటర్లు. రెండింటి పొరపాట్లకు పరస్పర సంబంధము లేనిచో, ఈ ఫలితములో పొరపాటు సుమారు 0.95 మీటరు మాత్రమే. అనగా రాడార్ ఒంటరిగా చెప్పినదానికంటె ఇది మేలు. తక్కువ నమ్మదగిన సాక్షి మాట కూడ వృథా పోలేదు!

కదలుచున్న వస్తువులకు క్షణక్షణము ఇట్లు అంచనా వేసి దిద్దుకొను పద్ధతిని రుడాల్ఫ్ కాల్మన్ 1960లో ప్రకటించెను. చంద్రునిపైకి పోయిన అపోలో నౌకల మార్గనిర్ణయమునకు అది ఉపయోగపడినది.

అయినను కొలత వేరు, గ్రహింపు వేరు. అమెరికాలోని టెంపి నగరమున 2018 మార్చి 18 రాత్రి, పరీక్షలో నున్న స్వయంచోదక కారొకటి సైకిలును నడిపించుకొని దారి దాటుచున్న ఒక స్త్రీని ఢీకొనగా ఆమె మరణించెను. సాధనములు ఆమెను 5.6 సెకండ్లు ముందుగానే కనుగొన్నవని విచారణలో తేలినది. గంటకు సుమారు 70 కిలోమీటర్ల వేగమున ఆ కాలములో కారు 100 మీటర్లకు పైగా పోవును. పొడి రోడ్డుపై ఆగుటకు దాదాపు 50 మీటర్లు చాలును. కాని గణనయంత్రము ఆమెను ఒకసారి వాహనమనియు, ఒకసారి వేరొక వస్తువనియు, ఒకసారి సైకిలనియు భావించెను. భావము మారిన ప్రతిసారి ఆమె వెనుకటి కదలికను లెక్కనుండి విడిచెను. అందుచే ఆమె కారు దారికి అడ్డముగా వచ్చుచున్నదని గ్రహింపలేదు. కారులో పర్యవేక్షణకు కూర్చున్న వ్యక్తియు రోడ్డును చూచుచుండలేదు.

సైకిలుపై మూటలు పెట్టి నడిపించుకొని పోవుట మన పల్లెలలో నిత్యకృత్యము. కనుక మన దారుల స్వరూపమును యంత్రమునకు నేర్పుట అవసరము. హైదరాబాదు ట్రిపుల్ ఐటి వారు పాల్గొని 2018లో విడుదల చేసిన భారతీయ రహదారుల చిత్రసంపుటి ఇట్టి ప్రయత్నమే. అందలి సుమారు 10,000 చిత్రములలో ఆటోరిక్షాలకును, పశువులకును ప్రత్యేకమైన గుర్తులు కలవు.

ఈ సూత్రమును పాఠశాలలోనే పరీక్షింపవచ్చును. ఆటస్థలము పొడవును ఒక విద్యార్థి టేపుతోను, ఒకడు అడుగులతోను పలుమార్లు కొలువవలెను. ఎవరి కొలతలు ఎంత చెదరినవో చూచి, తగిన పాళ్లతో రెండింటిని కలుపవలెను. సాక్షులలో భేదము మరీ ఎక్కువైనచో సగటు పనికిరాదు, మరల కొలువవలెను. బండికైనచో అట్టి సమయమున వేగము తగ్గించుటయే బుద్ధి.