కోట వెనక గొడ్లసావిడి

చల్లపల్లి వెళ్లినవాళ్లు కోట ముందు నిలబడి ఫొటో దిగుతారు. యార్లగడ్డవారి దేవరకోట జమీకి రాజధాని కదా! నాకు మాత్రం కృష్ణా డెల్టాలో ఏ దివాణానికి వెళ్లినా, ఏ పెద్ద రైతు లోగిలికి వెళ్లినా కాళ్లు పెరటివైపే లాగుతాయి. గొడ్లసావిడి, గాదెలు, వామిదొడ్డి, కళ్లం... ఈ సీమ కట్టుబడి నేర్పంతా అక్కడే ఉంది.

ఆ నేర్పు నీటితో వచ్చింది. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక మాగాణి విస్తరించింది. పంట మారాక పెరడూ మారింది. మెట్టలో జొన్నల్ని పాతరేసుకోవచ్చు. తడినేలలో వడ్లు పాతితే మిగిలేది మొలకలే. అందుకే ఇక్కడ ధాన్యం నేల వదిలి పైకెక్కింది. ఎత్తు దిమ్మె మీద గడ్డి పరిచి, లావుగా పేనిన గడ్డివెంటిని చుట్టలుగా తిప్పుతూ, లోపల వడ్లు పోస్తూ పోతే పురి లేస్తుంది. నెత్తిన తాటాకు. గోడ, సరుకు రెండూ ఒకే చేలోంచి వచ్చిన గిడ్డంగి అది! కలిగినవాళ్లకు కొయ్యగాదెలుండేవి, వాటి కిందా గాలి ఆడాల్సిందే.

సావిడి దగ్గర ఇంకాస్త ఆగాలి. చేవదేరిన తాటిదూలాలు, తాటివాసాలు, పైన తాటాకో నాటుపెంకో. చూరు ఎంత కిందికి దిగుతుందంటే పెద్దవాళ్లు తల వంచి లోపలికి రావాలి. వానజల్లు గాడిలోని మేతను తడపకూడదు, గాలి మాత్రం ఆగకూడదు. నేల ఒకవైపుకు వాలుగా ఉంటుంది, గొడ్డు పంచితం నిలవకుండా. కుడితితొట్టి గుమ్మానికి దగ్గర, వామి నిప్పుకు దూరం. ఏ ఇంజినీరూ గీసివ్వని ఈ కొలతలన్నీ తరతరాల చేతులకు తెలుసు. పాలేరు మంచమూ ఆ చూరు కిందే. లోగిలిలో పట్టెమంచాలు ఎవరివో, సావిడిలో నులకమంచం ఎవరిదో చెప్పకుండా ఈ కట్టడాల అందం గురించి రాయడం నాకు చేతకాదు.

1948 చట్టంతో జమీలు పోయాయి. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడి మనుషుల్ని, గొడ్లను, గుడిసెల్ని, సావిళ్లను కలిపి ఈడ్చుకుపోయింది. మిగిలినచోట్ల ట్రాక్టరు వచ్చి ఎడ్లను, దున్నపోతులను పంపేసింది. కళ్లం నుంచి వడ్లు నేరుగా మిల్లుకు వెళుతుంటే గాదెతో పనేముంది? కోటల మీద పుస్తకాలున్నాయి. సావిడికి కొలతలు తీసిన పటమైనా ఉండాలని నా తపన. కూల్చే రోజు కలప అడితివాళ్లు దూలాలే చూస్తారు. నేను గుంజలు చూస్తాను: ఎడ్లు మెడలు రుద్దుకున్నంత మేర కొయ్య నున్నగా, నల్లగా మెరుస్తుంటుంది.