బొగ్గు పొరలు - బావి నీరు

కర్షకుడు తన చేని పైమన్నును బాగుగ నెఱుగును. ఎఱ్ఱచెలక యేదో, రేగడి యేదో కాలితో త్రొక్కియే చెప్పగలడు. కాని యా మన్ను క్రింద నూఱడుగుల లోతున నేమి యున్నదో బావి త్రవ్వించు నాటికి గాని విచారింపడు. ఋణము తీసి త్రవ్వించిన బావిలో నీరు పడనిచో నప్పు మాత్రమే మిగులును. కావున గోదావరీలోయ బొగ్గుగనుల ప్రాంతమందలి రాతిపొరలను గూర్చి మా సభ్యులకు కొంత తెలుపగోరుచున్నాము.

1871లో ప్రభుత్వ భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగు దొర యిల్లెందు ప్రాంతమున రాక్షసిబొగ్గును కనుగొనెను. 1889లో నచ్చట త్రవ్వకము మొదలయ్యెను. తరువాత గనులు వెలసిన కొత్తగూడెము, మణుగూరు, భూపాలపల్లి, రామగుండము, బెల్లంపల్లి మొదలగు చోట్లన్నియు నీ లోయలోని యొకే జాతి రాళ్లకు చెందినవి.

ఈ రాళ్లు పుట్టిన విధమిది. సుమారు 30 కోట్ల సంవత్సరముల క్రిందట నిచ్చటి భూమి పొడుగున క్రుంగసాగెను. ఆ పల్లమును మొదట మంచునదుల వలన వచ్చిన గుండ్రాళ్లు, మెత్తని మన్ను నింపినవి. ఇది తాల్చేరు పొర. మంచు కరగిన పిమ్మట నదులు ఇసుకను, ఒండ్రును తెచ్చి పోసినవి. చిత్తడినేలల చెట్లు కూలి, ఒండ్రు క్రింద నణగి బొగ్గయినవి. ఇది బరాకరు పొర. గ్లోసోప్టెరిస్ అను ప్రాచీన వృక్షపు టాకుల యచ్చులు నేటికిని నీ పొర రాళ్లలో దొరకును. దానిపైని కొంత మందము బొగ్గులేని రాయి. ఆపైని కామ్ఠీ యను దళసరి యిసుకరాయి.

ఈ పొరలు చాపవలె చదునుగ పరచినవి కావు. వాలుగ నున్నవి, నడుమ నడుమ విఱిగి జాఱినవి. అందుచేత నొక యూర పైకి కనబడు పొర ప్రక్క యూర నెంతయో లోతునకు పోవును. పొరుగువాని బావిని చూచి మన బావి లోతు నిర్ణయింపరాదు.

ఇసుకరాతి రేణువుల సందున నీరు నిలుచును, నడచును. బంకమన్ను గట్టిపడిన పలకరాయి నీటిని సులభముగ పోనీయదు. లోయ వెలుపలి నల్లరాతి, పలుగురాతి నేలలలోనైతే పగుళ్లయందే నీరు దొరకవలెను. బొగ్గునకు పైని, క్రిందను నున్న యిసుకరాయియే బావులకును నీరిచ్చునది. గనిలో నీరు నిలిచినచో పని సాగదు గనుక దానిని తోడివేయుదురు. అప్పుడు చుట్టుపట్ల నీటిమట్టము తగ్గును. ఎంత దూరము, ఎంత లోతు తగ్గునన్నది పొరల వాలును బట్టి యుండును.

ఇట్టి తగ్గుదలను నోటిమాటతో నిరూపించుట కష్టము. కావున ప్రతి సంఘమును బావుల పుస్తకమొకటి యుంచవలెనని మా సూచన. బావి త్రవ్వునపుడు పదేసి యడుగుల కొకసారి వచ్చిన రాయిని సంచిలో వేసి, లోతు వ్రాసి భద్రపఱుపుడు. ఏటేట వైశాఖమునను కార్తికమునను నీటిమట్టమును త్రాటితో కొలిచి, తేదీతో లిఖింపుడు. దీనికి కాగితము ఖర్చు తప్ప వేఱొక ఖర్చు లేదు. క్రొత్త బావికి ఋణ మీయవచ్చునా యన్న ప్రశ్నకును, గని వలన బావి యెండెనా యన్న తగవునకును ఆ పుస్తకమే సాక్ష్యము చెప్పగలదు.