పాలకుర్తిలో సెప్టెంబరు పది

ప్రతి సంవత్సరం సెప్టెంబరు 10వ తేదీన పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మకు నివాళులు అర్పిస్తారు. విసునూరు దేశ్‌ముఖ్ గూండాలకు ఎదురు నిలిచి, తాను పండించిన పంటను తన ఇంటికే చేర్చుకున్న ఆ రజక స్త్రీ 1985లో అదే రోజున కన్నుమూసింది. పూలమాలలు వస్తాయి, జెండాలు వస్తాయి, ఉపన్యాసాలు వస్తాయి. పాత వరంగల్ జిల్లాలో, నేటి జనగామ జిల్లాలో, ఆ తేదీ తెలియనివారు తక్కువ.

ఐలమ్మ మరణానికి సరిగ్గా ఇరవై సంవత్సరాల ముందు, 1965 సెప్టెంబరు 10న, పంజాబు సరిహద్దులోని ఖేమ్‌కరణ్ సమీపాన చెరుకు తోటల నడుమ ముప్పై రెండేళ్ల ముస్లిం హవల్దారు ఒకరు ట్యాంకు గుండు తగిలి నేలకొరిగారు. ఆ రోజు శుక్రవారం. ఆయన కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్ అబ్దుల్ హమీద్. యుద్ధరంగంలో చూపిన పరాక్రమానికి ఈ దేశం ఇచ్చే అత్యున్నత పురస్కారమైన పరమవీర చక్ర ఆయనకు మరణానంతరం లభించింది. ఇంతవరకు ఆ పతకం పొందిన 21 మందిలో ఆయనొక్కరే ముస్లిం.

మన ఇళ్లలో ఆయన పేరు తెలియని వారుండరు. అయితే ఏ సందర్భంలో తెలుసునన్నదే మా బాధ. ఎవరో ఎక్కడో మన దేశభక్తిని శంకిస్తారు. వెంటనే మనం హమీద్ పేరు బయటకు తీస్తాము. రేషను దుకాణంలో కార్డు చూపినట్లు చూపి, వాదన ముగియగానే మళ్లీ బీరువాలో దాచిపెడతాము. ఆ మనిషి ఎవరు, ఎలా బ్రతికాడు, ఆయన వెనుక ఇంటిలో ఎవరు మిగిలారు అని మన పిల్లలు అడిగితే రెండు వాక్యాలకు మించి చెప్పలేము. షహీద్‌ను ధ్రువపత్రంగా వాడుకోవడం ఆయనకు గౌరవం కాదని మేము భావిస్తున్నాము. అందుకే ఈ వ్యాసం.

ఉత్తరప్రదేశ్‌లోని గాజీపూర్ జిల్లా ధాముపూర్ గ్రామంలో 1933 జూలై 1న ఆయన జన్మించారు. తండ్రి ముహమ్మద్ ఉస్మాన్ దర్జీ పని చేసేవారు. కుమారుడు కూడా కుట్టు మిషను ముందు కూర్చున్నవాడే. కాని మనసు అక్కడ నిలువలేదు. 1954 డిసెంబరులో గ్రెనేడియర్స్ రెజిమెంటులో సిపాయిగా చేరారు. 1962 చైనా యుద్ధంలో ఆయన పటాలం ఈశాన్య సరిహద్దున నమ్కా చూ ప్రాంతంలో ఓటమిని కళ్లారా చూసింది. ఆ చేదు అనుభవం తర్వాత మూడేళ్లకు 1965 వచ్చింది.

సెలవు మీద ఇంటికి వచ్చిన హమీద్‌కు వెంటనే తిరిగి రమ్మని పిలుపు అందింది. బయలుదేరే వేళ పరుపుచుట్ట తాడు తెగిపోయిందట. అపశకునమని ఇంటివారు ఆగమన్నారట. ఆయన ఆగలేదు. శకునాలకు దైవప్రవక్త (స) చోటు ఇవ్వలేదన్న సంగతి మన పాఠకులకు తెలియనిది కాదు. అయినా ఆ క్షణంలో రసూలన్ బీబీ గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో ఊహించుటకు ధర్మశాస్త్రం చదువుకొని ఉండనవసరం లేదు.

క్వార్టర్ మాస్టర్ హవల్దారు అంటే కంపెనీకి కావలసిన దుస్తులు, రేషను, సామగ్రి లెక్కలు చూసేవాడు. ఒక విధంగా స్టోర్లు అప్పగించిన మనిషి. కాని హమీద్‌కు ట్యాంకులను కొట్టే రీకాయిల్‌లెస్ తుపాకి మీద మంచి పట్టు ఉండేది. యుద్ధం ముంచుకొచ్చినప్పుడు ఆ తుపాకుల దళాన్ని చూసుకొమ్మని ఆయనకు అప్పగించారు. 106 మిల్లీమీటర్ల ఆ తుపాకిని జీపు మీద బిగిస్తారు. పేల్చినప్పుడు దాని వెనుక నుండి మంట, దుమ్ము ఎగజిమ్ముతాయి. ఒక్క గుండు పేల్చగానే ఎక్కడి నుండి వచ్చిందో శత్రువుకు తెలిసిపోతుంది. కాబట్టి పేల్చిన మరుక్షణం అక్కడి నుండి కదలాలి. ట్యాంకుకు ఉక్కు కవచముంది. జీపుకు ఏమీ లేదు, పక్కనున్న చెరుకు గడలు తప్ప.

ఎదుట ఉన్నవి అమెరికా తయారు చేసిన ప్యాటన్ ట్యాంకులు. ఆనాడు వాటికి గొప్ప పేరు. సెప్టెంబరు 8 నుండి 10 వరకు అసల్ ఉత్తర్ గ్రామ పరిసరాలలో పోరు సాగింది. (ఊరి పేరు పంజాబీదే అయినా తెలుగు చెవికి కూడా అర్థమవుతుంది. మన నోట నిత్యం దొర్లే 'అసలు' అన్న మాట అరబ్బీ 'అస్ల్' నుండి ఉర్దూ మీదుగా వచ్చినదే. అసలైన జవాబు అన్నమాట.) భారత సేన పొలాలకు నీరు వదిలింది. బరువైన ట్యాంకులు బురదలో కూరుకుపోయాయి. చెరుకు తోటల మాటు నుండి తుపాకులు పేలాయి. హమీద్ ట్యాంకును దగ్గరికి రానిచ్చి కొట్టడం, వెంటనే జీపును మరో చోటికి మార్చడం, మళ్లీ కొట్టడం. 9వ తేదీ సాయంత్రానికే ఆయన పేరును అత్యున్నత పురస్కారానికి సిఫారసు చేశారని సైనిక రచయితలు వ్రాశారు. మరునాడు మళ్లీ జీపు ఎక్కారు. ఆయన చేతిలో ధ్వంసమైన ట్యాంకులు మొత్తం ఏడని కొందరు, ఎనిమిదని కొందరు లెక్క చెబుతారు. చివరి ట్యాంకు, ఆయన జీపు ఒకరినొకరు చూసుకున్నారు. గుండ్లు రెండు వైపుల నుండీ పేలాయి.

ఇక్కడ మన ఇళ్లలో గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటి ఉంది. ఆ ట్యాంకులో ఉన్నవారూ కలిమా చదివినవారే కదా? అవును. వారి ఖిబ్లా కూడా మన ఖిబ్లాయే. ఈ ప్రశ్నను దాటవేయడం మాకు ఇష్టం లేదు. 1947లో బ్రిగేడియర్ ముహమ్మద్ ఉస్మాన్‌ను పాకిస్తాన్ సేనలో చేరమని ఆహ్వానించారు. ఆయన నిరాకరించి ఇక్కడే ఉన్నారు. 1948 జూలై 3న నౌషేరా రంగంలో ప్రాణమిచ్చి, మహావీర చక్ర పొంది, ఢిల్లీ జామియా మిల్లియా ఆవరణలో విశ్రమిస్తున్నారు. ఆయనా హమీదూ ఒక గడ్డకు మాట ఇచ్చారు. చేసిన ఒప్పందాలను నెరవేర్చమని విశ్వాసులను దివ్యఖుర్ఆన్ ఆదేశిస్తుంది. సైనికుడి ప్రమాణం కూడా ఒప్పందమే. ఎదుటి సేనలో తన మతం వారున్నప్పుడు ఆ ప్రమాణం మోయడం ఎంత బరువో, మోసినవారికే తెలుసు. మనకు అది వాదనకు పనికివచ్చే అంశం, వారికి జీవితం.

తెలుగువారిలో ఇంతవరకు ఎవరికీ పరమవీర చక్ర రాలేదు. రెండవ పెద్ద పురస్కారమైన మహావీర చక్ర మన పొరుగున సూర్యాపేటకు చెందిన కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబుకు 2021లో మరణానంతరం ప్రకటించారు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో ఆయనతో సహా ఇరవై మంది మరణించారు. అయితే పరమవీరులలో ఒకరికి మన నేలతో గట్టి బంధమే ఉంది. లెఫ్టినెంట్ కల్నల్ ఆర్దేషిర్ బుర్జోర్జీ తారాపూర్ పార్సీ. ఆయన సైనిక జీవితం మొదలైనది నిజాం సేనలో. పాలకుర్తి, జనగామ, వరంగల్ నిజాం పాలనలో ఉన్న రోజులవి. ఒకనాడు గ్రెనేడు విసిరే శిక్షణలో ఒక కుర్రవాడు భయపడి సరిగా విసరలేకపోయాడు. గ్రెనేడు గుంటలోనే పడింది. తారాపూర్ దూకి దానిని తీసి బయటకు విసిరారు. చేయి దాటుతుండగానే అది పేలి ఆయన ఛాతీలో ముక్కలు గుచ్చుకున్నాయి. అది చూసిన నిజాం సేనాధిపతి సయ్యద్ అహ్మద్ ఎల్ ఎద్రూస్ ఆయనను పిలిపించి అభినందించారు. ఏమి కావాలో అడిగితే కవచదళంలోకి మార్చమన్నారట. హైదరాబాదు విలీనం తర్వాత ఆయన పూనా హార్స్ దళంలో చేరారు. అదే 1965 యుద్ధంలో, హమీద్ మరణించిన ఆరు రోజులకు, సియాల్‌కోట్ రంగంలో తన ట్యాంకు దళానికి ముందు నడుస్తూ మరణించారు. అరబ్బు మూలాలున్న ముస్లిం సేనాధిపతి ఒక పార్సీ యువకుడిలోని ధైర్యాన్ని గుర్తించడం, ఆ యువకుడు తర్వాత భారతదేశపు అత్యున్నత వీరుల వరుసలో నిలవడం మన తెలంగాణ చరిత్రలోని ఒక పుట. పాఠ్యపుస్తకాలకు ఆ పుట అంతగా అక్కరకు రాలేదు.

ఇక ఆ పతకం సంగతి. పరమవీర చక్ర కంచుతో చేసిన చిన్న బిళ్ల. అడ్డంగా మూడున్నర సెంటీమీటర్లకు మించదు. ఊదారంగు పట్టీకి వేలాడుతుంది. నడుమ రాజ్యచిహ్నం, చుట్టూ నాలుగు వజ్రాయుధాలు. దానిని రూపొందించినది స్విట్జర్లాండులో పుట్టి భారత సైనికాధికారిని వివాహమాడి ఇక్కడి మనిషైపోయిన సావిత్రీ ఖానోల్కర్. 1950 జనవరి 26న పురస్కారాన్ని నెలకొల్పి, 1947 ఆగస్టు 15 నుండి వర్తింపజేశారు. 21 మందిలో 14 మంది దానిని చూడకుండానే వెళ్లిపోయారు. అంటే ఈ పతకాన్ని ఎక్కువగా అందుకున్న చేతులు తల్లులవి, తండ్రులవి, భార్యలవి.

హమీద్ పతకాన్ని రసూలన్ బీబీ 1966 జనవరి 26న రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ చేతుల మీదుగా అందుకున్నారు. మేము తేదీలు లెక్క వేసి చూశాము. భర్త మరణించిన స్త్రీకి ఇద్దత్ గడువు నాలుగు నెలల పది రోజులు. చాంద్రమానంలో లెక్కిస్తే ఆమె ఇద్దత్ జనవరి 16 ప్రాంతంలో ముగుస్తుంది. అంటే గడువు దాటిన పది రోజులకే ఆమె ఢిల్లీలో, అంతమంది కళ్ల ఎదుట, ఆ చిన్న కంచు బిళ్ల కోసం చేయి చాపవలసి వచ్చింది. అప్పటికే జనవరి 10న తాష్కెంట్ ఒప్పందం మీద సంతకాలు అయ్యాయి. మరునాడే ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి అక్కడే కన్నుమూశారు. యుద్ధం కాగితం మీద ముగిసింది. ఇంటిలో ఐదుగురు పిల్లలున్నారు.

దైవప్రవక్త (స) వద్దకు వచ్చి, ఒకడు శౌర్యం చాటుకొనుటకు, ఒకడు వంశాభిమానంతో, ఒకడు పేరు కొరకు పోరాడుతాడు, వీరిలో ఎవరిది దైవమార్గం అని అడిగిన సంఘటన హదీసులలో ప్రసిద్ధం. సంకల్పాన్ని బట్టే తీర్పు అని మనము నమ్ముతాము. హమీద్ సంకల్పం ఏమిటో మేము చెప్పలేము, మీరూ చెప్పలేరు, పతకమిచ్చిన రాష్ట్రపతీ చెప్పలేడు. ఆయన మనసు ఎరిగినవాడు అల్లాహ్ ఒక్కడే. పేరు కొరకు పోరాడినవాడు జీపు మీద తుపాకి పెట్టుకొని చెరుకు తోటలో దాగి, ఒక ట్యాంకు తర్వాత మరో ట్యాంకు కొరకు మూడు రోజులు ఎదురుచూస్తాడా అన్నది మాత్రం ఆలోచించదగిన విషయం.

మళ్లీ పాలకుర్తి వైపు వద్దాము. అక్కడికి దగ్గరలోనే, దేవరుప్పుల మండలంలో, కామారెడ్డిగూడెం ఉంది. అక్కడొక సమాధి. షేక్ బందగీది. బందగీ అన్న మాటకు దాస్యం, ఆరాధన అని అర్థం. 'బాంచెన్ దొరా' అంటూ ఊరంతా వంగి నడిచిన రోజులలో, ఆ పేరు పెట్టుకున్న పేద ముస్లిం రైతు తన భూమి కొరకు దొర అండగల బంధువు మీద కోర్టుకెక్కాడు. ఏళ్ల తరబడి తిరిగి గెలిచాడు. 1940లో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఆయనను నరికి చంపారు. తెలంగాణ రైతాంగ పోరాటానికి ముందే కారిన నెత్తురు అది. ఐలమ్మ తిరగబడింది అదే దొర మీద, ఆ తర్వాతి సంవత్సరాలలో. తన సొత్తును కాపాడుకుంటూ చంపబడినవాడు షహీద్ అని దైవప్రవక్త (స) బోధించిన సంగతి మన మసీదులలో అరుదుగా వినబడుతుంది. అన్నదాతల ఊళ్లలోనైనా వినిపించవలసిన మాట అది.

బందగీకి పతకం లేదు. ఆ రోజు ఆయన ఎదిరించినది రాజ్యం అండ ఉన్న దొరను. రాజ్యాలు తమ కొరకు చచ్చినవారికి పతకాలిస్తాయి, తమ మనుషుల మీద తిరగబడినవారికి ఇవ్వవు. ఇది నింద కాదు, వాటి స్వభావం. అయితే మన ఇళ్లలో హమీద్ పటం పక్కన బందగీకి కూడా చోటు ఉండాలని మా కోరిక. ఒకరు దేశం సరిహద్దును, ఒకరు తన పొలం గట్టును కాపాడారు. ఇద్దరూ పేదింటి బిడ్డలే. ఒకరు దర్జీ కొడుకు, ఒకరు సేద్యగాడు. మన పిల్లలు సైన్యంలో చేరాలా వద్దా అన్నది ఆయా కుటుంబాలు తేల్చుకోవలసిన సంగతి. చేరేవారు రుజువు చూపుకొనుటకు చేరకూడదు, చేరనివారు సంజాయిషీ ఇచ్చుకొనవలసిన అవసరమూ లేదు.

ధాముపూర్‌లో రసూలన్ బీబీ చాలా కాలం జీవించారు. 2008లో ఆమె నాటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్‌ను కలిసి కొన్ని కోరికలు విన్నవించారు. తమ ఊరిలో సైనిక నియామక కేంద్రం పెట్టాలని, ఇంటిని స్మారకంగా మార్చాలని, భర్త వర్ధంతిని జాతీయ స్థాయిలో జరపాలని, మనవలకు ఉద్యోగాలకు సాయపడాలని. వాటిలో చివరిది ఏ ఇంటి నాయనమ్మ అయినా అడిగేదే. 2017 సెప్టెంబరు 10న సైన్యాధిపతి జనరల్ బిపిన్ రావత్ ధాముపూర్ వచ్చి స్మారకాన్ని ఆవిష్కరించారు. అప్పటికి ఆమె బాగా వృద్ధురాలు. 2023లో అండమాన్ దీవులలో ఒకదానికి హమీద్ పేరు పెట్టారు. ఆ వార్త వినుటకు ఆమె లేరు. భర్తను పోగొట్టుకున్న యాభై నాలుగు సంవత్సరాలకు, 2019 ఆగస్టు 2న, ఆమె అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.