చెరిపినా చెరగని చిత్రం!

* ఒక్క ఫొటోకు ఊరూరా నకళ్లు
* చిన్న సర్వర్ల నిర్వాహకులకు తలకు మించిన నిల్వ భారం
* తొలగింపు ఆజ్ఞ కాదు.. అభ్యర్థన మాత్రమే

సామాజిక మాధ్యమంలో ఉంచిన ఛాయాచిత్రం వద్దనుకుంటే ఒక మీట నొక్కి తొలగించవచ్చన్నది వినియోగదారుల సాధారణ విశ్వాసం. ఒకే సంస్థ అధీనంలో నడిచే మాధ్యమాల్లో ఈ విశ్వాసం చాలావరకు నిజమే. కాని వేలాది సర్వర్ల కలయికగా, ఏ ఒక్కరి అజమాయిషీ లేకుండా నడిచే వికేంద్రీకృత మాధ్యమాల్లో పరిస్థితి అందుకు భిన్నం. ఒక చోట చెరిపిన చిత్రం మరో చోట పదిలంగా ఉండిపోయే అవకాశం ఉంది. దీనికి ఎవరి దురుద్దేశమో కారణం కాదు. లోపం ఆ వ్యవస్థ నిర్మాణంలోనే ఇమిడి ఉంది.

ఏమిటీ ఫెడివర్స్?

ఈ తరహా మాధ్యమాల్లో ప్రముఖమైనది మాస్టోడాన్. జర్మనీలో యూజెన్ రోచ్కో రూపొందించిన ఈ సాఫ్ట్‌వేర్ 2016లో వెలుగులోకి వచ్చింది. దీనిని ఎవరైనా ఉచితంగా తీసుకుని సొంత సర్వర్‌పై నడుపుకోవచ్చు. ఒక సర్వర్‌లోని సభ్యుడు మరో సర్వర్‌లోని సభ్యుడిని అనుసరించవచ్చు. జీమెయిల్ ఖాతాదారు యాహూ ఖాతాదారుకు ఉత్తరం పంపినట్టే ఇదీను. సర్వర్లు పరస్పరం సంభాషించుకునేందుకు ఉపకరించే ‘యాక్టివిటీపబ్’ ప్రమాణాన్ని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 2018 జనవరిలో ఆమోదించింది. చర్చలకు లెమ్మీ, ఛాయాచిత్రాలకు పిక్సెల్‌ఫెడ్ వంటివి కూడా ఇదే బాటలో నడుస్తున్నాయి. వీటన్నిటినీ కలిపి ఫెడివర్స్ అంటున్నారు.

మన దేశానికి ఈ పేరు కొత్తేమీ కాదు. సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపివేయడంతో 2019 నవంబరులో అనేకమంది భారతీయులు మాస్టోడాన్‌లో చేరారు. 2022 అక్టోబరులో ట్విట్టర్ ఎలాన్ మస్క్ చేతికి వెళ్లాక వలస ప్రపంచవ్యాప్తమైంది. అప్పటివరకు సుమారు 3 లక్షలుగా ఉన్న నెలవారీ వినియోగదారుల సంఖ్య కొద్ది వారాల్లోనే 25 లక్షలకు చేరింది.

ఒకటి పెడితే వంద

మాస్టోడాన్ సభ్యుడు ఒక ఫొటోను ఉంచినప్పుడు అది ముందుగా అతని సర్వర్‌లో భద్రమవుతుంది. అతనిని అనుసరించేవారు వంద వేర్వేరు సర్వర్లలో ఉంటే ఆ సందేశం వందకూ చేరుతుంది. ప్రతి సర్వరూ సాధారణంగా ఫొటోను దిగుమతి చేసుకుని తన వద్ద ఒక నకలు ఉంచుకుంటుంది. ఈ ఏర్పాటుకు రెండు ప్రయోజనాలున్నాయి. పాఠకులందరూ ఒక్కసారిగా మూల సర్వర్‌పై పడి దానిని కుప్పకూల్చరు. చూసేవారి ఇంటర్నెట్ చిరునామా అపరిచిత సర్వర్‌కు తెలియదు.

అయితే ఈ సదుపాయానికి మూల్యం నిల్వ రూపంలో చెల్లించాలి. కొద్ది డజన్ల సభ్యులున్న చిన్న సర్వర్‌లో సైతం సొంత సభ్యుల ఫొటోల కంటే బయటి నుంచి వచ్చి పేరుకున్నవే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటాయి. ఇలాంటి సర్వర్లను అనేకచోట్ల వ్యక్తులే విరాళాలతోనో, సొంత ఖర్చుతోనో నడుపుతున్నారు. డిస్కు నిండితే సర్వర్ ఆగిపోతుంది. అద్దె నిల్వకు వెళ్తే నెలనెలా బిల్లు పెరుగుతుంది.

అందువల్లనే పాత నకళ్లను ఎప్పటికప్పుడు తుడిచివేసే ఆదేశాలను మాస్టోడాన్‌లోనే పొందుపరిచారు. ప్రత్యేకంగా గడువు పేర్కొనకపోతే ఏడు రోజులు దాటిన బయటి ఫొటోలను అవి తొలగిస్తాయి. ఎవరైనా మళ్లీ చూడగోరితే మూల సర్వర్ నుంచి తిరిగి తెస్తాయి. ఈలోగా మూల సర్వర్ మూతపడితే ఆ చిత్రం ఇక దొరకదు. అంటే, ఉండాలనుకున్నది పోతుంది, పోవాలనుకున్నది ఉంటుంది. ఈ వ్యవస్థలోని వైచిత్రి ఇదే.

తొలగింపు ఎక్కడ ఆగుతుంది?

సభ్యుడు తన సందేశాన్ని తొలగించగానే అతని సర్వర్ ఇతర సర్వర్లకు ‘దీనిని తీసివేయండి’ అనే వర్తమానం పంపుతుంది. సక్రమంగా నడిచే సర్వర్లు దానిని పాటిస్తాయి. కాని పాటించి తీరాలని బలవంతపెట్టే యంత్రాంగం ఏదీ లేదు. అచ్చువేసి ఊరూరా పంచిన కరపత్రాలను తిరిగి ఇచ్చేయమని కోరడం వంటిదే ఇది. వర్తమానం విఫలమయ్యే సందర్భాలు ప్రధానంగా నాలుగు.

మొదటిది, అవతలి సర్వర్ ఆ సమయానికి పనిచేయకపోవడం. పంపే సర్వర్ కొంతకాలం మళ్లీ మళ్లీ ప్రయత్నించి విరమించుకుంటుంది. రెండవది, ఆ నకలు ఉన్న సంగతే మూల సర్వర్‌కు తెలియకపోవడం. అనుసరించేవారు లేని సర్వర్‌లో ఎవరో లంకె ద్వారా వెతికి తెచ్చుకున్న ఫొటో జాబితాకు ఎక్కదు. మూడవది, రెండు సర్వర్ల నడుమ సంబంధాలు తెగిపోవడం. నాలుగవది, అవతలివారు సాఫ్ట్‌వేర్‌ను మార్చుకుని తొలగింపు వర్తమానాలను పెడచెవిన పెట్టడం.

సర్వరే అదృశ్యమైతే చిక్కు మరింత జటిలమవుతుంది. పద్ధతి ప్రకారం మూసివేసే నిర్వాహకులు సభ్యులందరి తరఫున తొలగింపు వర్తమానాలు పంపి ఆ తర్వాత తెర దించుతారు. హఠాత్తుగా మూతపడితే ఆ వీలుండదు. 2024 ఫిబ్రవరిలో తాలిబన్ల ఏలుబడిలోని ఆఫ్ఘానిస్థాన్ ప్రభుత్వం ఆ దేశపు ‘ఏఎఫ్’ డొమైన్‌పై నడుస్తున్న ‘క్వియర్ డాట్ ఏఎఫ్’ అనే మాస్టోడాన్ సర్వర్ చిరునామాను నిలిపివేసింది. చిరునామా లేని సర్వర్ తన గుర్తింపును రుజువు చేసుకోలేదు. అది పంపే వర్తమానాన్ని ఇతరులు నమ్మరు.

నిర్వాహకుల మెడపై కత్తి

నకళ్ల వ్యవస్థ నేరగాళ్ల చేతికి చిక్కితే ఏమవుతుందో 2023లో తేటతెల్లమైంది. ఆ ఏడాది ఆగస్టులో లెమ్మీ సర్వర్లలో పెద్దదైన ‘లెమ్మీ డాట్ వరల్డ్’లోకి కొందరు దుండగులు పిల్లలపై లైంగిక అకృత్యాల చిత్రాలను చొప్పించారు. అవి ఇతర సర్వర్లకూ పాకాయి. ఏ చిత్రాన్ని ఎవరు ఎక్కించారో తేలికగా తెలుసుకునే మార్గం అప్పటి లెమ్మీలో లేదు. దాంతో కొందరు నిర్వాహకులు ఆ కాలంలో చేరిన బొమ్మలన్నిటినీ మూకుమ్మడిగా తుడిచివేశారు. అలాంటి చిత్రం కలిగి ఉండటమే అనేక దేశాల్లో నేరం. తాము ఎన్నడూ కోరని, చూడని ఫొటోకు తమ డిస్కు ఆవాసమవుతుందన్న భయం వారిని వెన్నాడింది.

అంతకు ముందు నెలలోనే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఇంటర్నెట్ అబ్జర్వేటరీ పరిశోధకులు ఈ ముప్పుపై నివేదిక వెలువరించారు. రెండు రోజుల వ్యవధిలో సుమారు 3.25 లక్షల సందేశాలను పరిశీలించగా, ఇదివరకే గుర్తించిన అలాంటి చిత్రాలు 112 సార్లు తారసపడ్డాయి. పెద్ద సంస్థలకు ఇటువంటి వాటిని పసిగట్టే యంత్రాంగం, సిబ్బంది ఉంటారు. ఉద్యోగం చేసుకుంటూ తీరిక వేళల్లో సర్వర్ నడిపే వ్యక్తికి ఆ స్తోమత ఎక్కడిది?

చట్టం ఏమంటోంది?

ఐరోపా సమాఖ్యలో 2018 మే నుంచి అమలులో ఉన్న డేటా రక్షణ చట్టం 17వ అధికరణం వ్యక్తులకు తమ సమాచారాన్ని తొలగింపజేసుకునే హక్కు ఇచ్చింది. సమాచారాన్ని బహిర్గతం చేసిన సంస్థ, దానిని వాడుతున్న ఇతరులకు కూడా ఈ కోరికను తెలియజేసేందుకు సహేతుకమైన చర్యలు తీసుకోవాలని చెబుతోంది. మన దేశంలో 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సైతం తొలగింపు హక్కును పేర్కొంది. హక్కు కాగితంపై స్పష్టమే. కాని ఎన్ని సర్వర్లలో నకళ్లున్నాయో, వాటి యజమానులు ఏ దేశంలో ఉన్నారో తెలియనప్పుడు బాధితుడు ఎవరి తలుపు తట్టాలన్నదే ప్రశ్న.

తీసుకోవలసిన జాగ్రత్తలు

అలాగని వికేంద్రీకృత మాధ్యమాలను పూర్తిగా తోసిపుచ్చనక్కరలేదు. ప్రకటనల కోసం వినియోగదారుల కదలికలను వెంటాడని మాధ్యమాలు ఇక్కడ లభిస్తున్నాయి. నచ్చని సర్వర్ నుంచి అనుచరులను వెంటబెట్టుకుని మరో సర్వర్‌కు మారే స్వేచ్ఛ మాస్టోడాన్‌లో ఉంది. అయితే చేరేముందు కొన్ని విషయాలు గమనించాలి.

సర్వర్‌ను ఎవరు నడుపుతున్నారు, ఖర్చులు ఎలా భరిస్తున్నారు, మూసివేయవలసి వస్తే ఎంత ముందుగా తెలియజేస్తారు అన్న వివరాలను దాని పరిచయ పేజీలో చదవాలి. పిల్లల ఫొటోలు, గుర్తింపు పత్రాలు, ఇంటి ఆనవాళ్లు తెలిపే చిత్రాలు బహిరంగంగా ఉంచరాదు. విలువైన ఫొటోలకు సర్వర్‌ను భోషాణంగా భావించక, సొంత ప్రతిని ఇంట్లోనే భద్రపరచుకోవాలి. పొరపాటున పెట్టిన ఫొటోను తొలగించదలిస్తే ఆలస్యం చేయరాదు. నకలు కనిపించిన సర్వర్ నిర్వాహకునికి నేరుగా ఫిర్యాదు పంపాలి.

అనుమతి లేకుండా ఎవరైనా తమ ఫొటోను వ్యాప్తి చేస్తే బాధితులు ఆ పేజీ చిరునామాను, తేదీని నమోదు చేసుకుని జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో గానీ, సమీప పోలీస్ స్టేషన్‌లో గానీ ఫిర్యాదు చేయవచ్చు. మహిళలు, పిల్లలపై జరిగే నేరాలకు పోర్టల్‌లో ప్రత్యేక విభాగం ఉంది. పేరు వెల్లడించకుండానే సమాచారం ఇచ్చే వీలు కూడా అందులో కల్పించారు.