శామీర్‌పేట చెరువు

శామీర్‌పేట చెరువు తెలంగాణ రాష్ట్రంలోని మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లా, శామీర్‌పేట వద్ద ఉన్న కృత్రిమ జలాశయం. ఇది సికింద్రాబాదుకు ఉత్తరాన సుమారు 24 కిలోమీటర్ల దూరంలో, కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారి సమీపంలో ఉన్నది. నిజాముల పాలనాకాలంలో సాగునీటి కొరకు నిర్మించబడినది. ఊరి పేరును షామీర్‌పేట అని కూడా వ్రాస్తారు. 1978 నుండి 2016 వరకు ఈ ప్రాంతం రంగారెడ్డి జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన కొత్త జిల్లాలోకి మారినది.

హైదరాబాదుకు సముద్రం దూరం. బాపట్ల వద్దనున్న సూర్యలంక తీరానికి పోవాలన్నా సుమారు 300 కిలోమీటర్లు ప్రయాణించవలసి ఉంటుంది. ఉదయం వెళ్ళి సాయంత్రానికి తిరిగి రాగల నీటి ఒడ్డు కావాలనుకొనే నగరవాసులకు ఈ చెరువు, దాని చుట్టుప్రక్కల వెలసిన విడిది స్థలాలే సముద్రతీరానికి బదులుగా నిలిచాయి. అయితే చెరువు ఒడ్డు, సముద్రపు ఒడ్డు ఒకటి కావు. ఆ తేడా తెలియకపోవటం వలన ప్రాణాలు పోయిన సందర్భాలు ఈ దారిలోనే ఉన్నాయి.

చెరువు ఒడ్డు స్వభావం

దక్కను పీఠభూమిలోని చెరువులన్నీ దాదాపు ఒకే పద్ధతిలో కట్టినవి. వాననీరు పారే పల్లానికి అడ్డముగా మట్టికట్ట వేసి, నీటివైపు రాతి పేర్పుతో దానిని గట్టిపరుస్తారు. పొలాలకు నీరు వదలటానికి తూము, నిండిన తరువాత మిగులు నీరు పొర్లిపోవటానికి అలుగు ఉంటాయి. కనుక చెరువు అడుగు పళ్ళెం వలె సమానంగా ఉండదు. ఎగువ వైపు పలుచగా మొదలై కట్ట దగ్గరకు వచ్చేసరికి లోతవుతుంది. తూము దగ్గర లోతు మరీ ఎక్కువ. చూడటానికి కట్ట మీదనే సౌకర్యం ఎక్కువ, నడవటానికి వీలు ఎక్కువ, ఫొటోలు తీసుకొనేవారూ అక్కడే ఎక్కువ. లోతు కూడా అక్కడే.

ఇక్కడ ఇసుకతీరం ఉండదు. సముద్రపు ఒడ్డున అలలు రాత్రింబగళ్ళు సన్నని మట్టిని కడిగి తీసుకుపోగా బరువైన ఇసుక మిగులుతుంది. చెరువులో అంతటి అలలు లేవు, ఆటుపోట్లు అసలే లేవు. వాగులు తెచ్చిన ఒండ్రు ఎక్కడ ఆగితే అక్కడే పేరుకొంటుంది. అందువలన నీటి అంచున కనిపించేది మెత్తని నల్లని బురద, దాని మధ్య గ్రానైటు రాళ్ళు. పైన ఎండి గట్టిగా కనిపించిన చోట కూడా అడుగు వేస్తే మోకాటి లోతు దిగబడవచ్చును.

నీటి అంచు ఏడాది పొడుగునా ఒకచోట ఉండదు. నైరుతి ఋతుపవనాల వానలు బాగా పడితే సెప్టెంబరు, అక్టోబరు నాటికి చెరువు నిండుతుంది. మే నెలకు వచ్చేసరికి నీరు కట్ట వైపు వెనుకకు తగ్గి, ఎగువన విశాలమైన ఖాళీ భూమి బయటపడుతుంది. దీనినే శిఖం భూమి అంటారు. వేసవిలో పశువులు మేసేది, కొన్నిచోట్ల పంటలు వేసేది ఈ భూమిలోనే. నగర శివార్లలో భూముల ధరలు పెరిగిన తరువాత చెరువులకు వచ్చిన చిక్కు కూడా ఇక్కడినుండే మొదలయినది. నాలుగేళ్ళు వానలు లేకపోతే శిఖం భూమి మామూలు మెట్టభూమి వలె కనిపిస్తుంది, కంచెలు లేస్తాయి. తరువాత నిండు వాన వచ్చినపుడు నీరు తన పాత చోటికే వస్తుంది. పది హెక్టార్లు, అంతకు మించిన విస్తీర్ణం గల చెరువులలో పూర్తి నీటిమట్టపు హద్దు నుండి 30 మీటర్ల లోపు కట్టడాలు ఉండరాదని 2012 నాటి భవన నిర్మాణ నియమాలు చెబుతున్నాయి. ఒడ్డున స్థలం కొనేవారైనా, చెరువు కనిపించే గది అద్దెకు తీసుకొనేవారైనా వేసవిలో కనిపించే అంచును చూసి హద్దును ఊహించరాదు.

చూడదగినవి

చెరువుకు ఎక్కువగా వచ్చేది కుటుంబాలు, విద్యార్థులు, పక్షులను చూసేవారు. శీతాకాలం పక్షులకు అనువైన కాలం. నీటికాకులు, కొంగలు, లకుముకి పిట్టలు తరచుగా కనిపిస్తాయి. ఉదయపు వేళ మంచిది, ఆదివారం మధ్యాహ్నం అయితే మనుషులే ఎక్కువ కనిపిస్తారు. రహదారి వెంట కట్టమైసమ్మ గుడి ఉన్నది. తెలంగాణలో చెరువు కట్టను కాపాడే దేవతగా మైసమ్మను కొలవటం పాత ఆచారం. మొక్కు తీర్చుకొని అక్కడే వండుకొని తిని వెళ్ళేవారి వలన ఈ పరిసరాలు సెలవు రోజులలో జాతర వలె ఉంటాయి. మిగిలిన విస్తళ్ళు, ప్లాస్టిక్ గ్లాసులు మాత్రం గాలికి నీటిలోకే చేరుతాయి.

సమీపంలోనే జవహర్ జింకల పార్కు, అలియాబాదులో రత్నాలయం అనే వేంకటేశ్వరస్వామి ఆలయం ఉన్నాయి. 1998లో స్థాపించబడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, తుర్కపల్లి వైపున టీకాల తయారీకి పేరుపొందిన జీనోమ్ వ్యాలీ కూడా ఈ ప్రాంతంలోనివే.

విడిది స్థలాలు

శామీర్‌పేట పేరుతో ప్రచారం పొందిన విడుదులలో చాలావరకు చెరువు ఒడ్డున లేవు. తూంకుంట ప్రాంతంలోని అలంకృత, బొమ్మరాసిపేటలోని లియోనియా వంటి పెద్ద రిసార్టులు చెరువుకు దూరంగా ఉన్నాయి. వీటిలో గదులతో పాటు ఈతకొలనులు, సమావేశ మందిరాలు, వివాహ వేదికలు ఉంటాయి. వారపు రోజులలో ఉద్యోగుల సమావేశాలు, ముహూర్తాల కాలంలో పెళ్ళిళ్ళు వీటికి ప్రధాన ఆధారం. నగరానికి దగ్గర, కానీ నగరం కాదు అన్న వీలు రాజకీయాలకు కూడా పనికివచ్చినది. 2024 ఫిబ్రవరిలో బలపరీక్షకు ముందు జార్ఖండ్ పాలక కూటమి శాసనసభ్యులను విమానంలో తీసుకువచ్చి లియోనియాలో ఉంచారు.

మేడ్చల్ పట్టణం 44వ జాతీయ రహదారిపై ఉన్నందున అక్కడి వసతి ఎక్కువగా దారిన పోయేవారికి, శుభకార్యాలకు సంబంధించినది. ఈ రెండు ఊళ్ళ మధ్య పల్లెలలో రోజు అద్దెకు ఇచ్చే ఫామ్‌హౌసులు కూడా ఉన్నాయి. పిల్లలతో వెళ్ళేవారు అక్కడి ఈతకొలను లోతు ఎంత, చుట్టూ కంచె ఉన్నదా, చూసుకొనే మనిషి ఉన్నాడా అని అడిగి తెలుసుకొనటం అవసరం. గది అద్దె కంటే ముందు అడగవలసిన ప్రశ్నలు ఇవి.

ఈత, ప్రమాదాలు

శామీర్‌పేట చెరువు ఈత కొరకు ఏర్పరచినది కాదు. డైవింగుకు ఏ విధంగానూ తగినది కాదు. డైవింగుకు నీటి అడుగున కొన్ని మీటర్ల దూరమైనా కనిపించాలి. వాననీటి చెరువులో కలిసి ఉండే ఒండ్రు, నాచు వలన చేయి చాపితే వేళ్ళు కనిపించని స్థితి ఉంటుంది. ఆ సరదా ఉన్నవారు విశాఖపట్నం వద్ద రుషికొండకో, అండమాన్, లక్షద్వీప్ దీవులకో వెళతారు. హైదరాబాదు చెరువులలో నీటి అడుగున జరిగిన పెద్ద పని అంటే 1990లో హుస్సేన్‌సాగర్‌లో మునిగిపోయిన బుద్ధ విగ్రహాన్ని 1992లో వెలికితీయటమే. మిగిలిన సమయాలలో గజ ఈతగాళ్ళు అన్న మాట వార్తలలో కనిపించేది గాలింపు సందర్భంలోనే.

2025 జనవరి 11న ఇదే రాజీవ్ రహదారి మీదుగా వెళ్ళే కొండపోచమ్మ సాగర్ జలాశయంలో హైదరాబాదు నుండి విహారానికి వచ్చిన అయిదుగురు యువకులు మునిగి చనిపోయారు. అది 2020లో ప్రారంభమైన 15 టీఎంసీల భారీ జలాశయం, శామీర్‌పేట చెరువుతో పోల్చదగినది కాదు. కానీ ప్రమాదానికి మూలమైన లక్షణాలు చిన్న చెరువుకూ ఉన్నాయి. కట్ట రాళ్ళ మీద పాచి పట్టి ఉంటుంది, జారినవాడు నేరుగా లోతులోకి పోతాడు, ఏటవాలు రాళ్ళ మీద పట్టు దొరకదు. మట్టి తవ్విన గుంతలు నీరు నిండాక బయటకు కనిపించవు. నడుము లోతులో నడుస్తున్నవాడు మరుసటి అడుగులో మునిగిపోవచ్చును. ఒకరిని కాపాడబోయి ఈత రాని మరొకరు దిగటం వలన మరణాల సంఖ్య పెరుగుతుంది. అటువంటప్పుడు నీటిలోకి దూకకుండా ఒడ్డునుండే తాడు, చున్నీ, పొడుగాటి కర్ర, మూత బిగించిన ఖాళీ క్యాను వంటివి అందించాలి.

చేరుకొనే మార్గం

సికింద్రాబాదు జూబిలీ బస్ స్టేషను నుండి సిద్దిపేట, కరీంనగర్ వైపు వెళ్ళే బస్సులు అల్వాల్, హకీంపేట, తూంకుంటల మీదుగా శామీర్‌పేట చేరుతాయి. బాహ్యవలయ రహదారిపై శామీర్‌పేట వద్ద దిగే దారి ఉన్నది. మేడ్చల్ దగ్గరి కండ్లకోయ కూడలి 2018 మే 1న ప్రారంభం కావటంతో ఆ 158 కిలోమీటర్ల వలయం పూర్తయి, రెండు ఊళ్ళ మధ్య ప్రయాణం సులభమైనది. మేడ్చల్‌కు 2023 ఏప్రిల్ నుండి ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు ఉన్నాయి. శామీర్‌పేటకు రైలు మార్గం లేదు.