పిండిమర బేరం: మోటారు కన్నా ముందు మీటరు చూడాలి

వేసవిలో ఏ పిండిమర ముందు చూసినా మిరపకాయల సంచులు, వాటి వెంట ఆడవాళ్లు బారులు తీరి కనిపిస్తారు. ఊరగాయల కాలం అది. అమ్మదలచినవారు బేరగాళ్లను సరిగ్గా ఆ రోజుల్లోనే పిలుస్తారు. వానాకాలంలో మర సగం పూటలు ఊరకే ఉంటుందన్న సంగతి ఆ రద్దీలో ఎవరికి తడుతుంది? పన్నెండు నెలల కరెంటు బిల్లులు అడిగి చూస్తే ఏ నెల ఎంత తిరిగిందో యూనిట్లే చెబుతాయి.

రాళ్ల అరుగుదల, బెల్టు, బేరింగుల చప్పుడు అందరూ చూస్తారు. సర్వీసు మీద పాత బాకీ ఉందేమో చూసేవారు తక్కువ. సరఫరా నిబంధనల్లో ఉన్నపక్షంలో, పాత యజమాని బకాయి తీర్చాకే కొత్త కనెక్షన్ ఇస్తామనడం చెల్లుతుందని 2023 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కనుక విద్యుత్ కార్యాలయంలో బాకీ లేదని తేల్చుకుని, పేరు మార్పిడికి దరఖాస్తు పెట్టాకే మిగతా సొమ్ము చెల్లించడం మేలు. మంజూరైన హార్స్‌పవర్ ఎంతో, బిగించిన మోటారు ఎంతో కూడా అక్కడే తేలుతుంది.

మర అద్దె గదిలో ఉంటే గది యజమానితో కొత్త అగ్రిమెంటు రాసుకోవలసిందే.

అన్నిటికన్నా పెద్ద చిక్కు మరొకటి. అమ్మినవాడే ఆరు నెలలకు పక్క వీధిలో కొత్త మర పెడితే పాత గిరాకీ అంతా అటే పోతుంది. గుడ్‌విల్‌తో సహా అమ్మినవారు ఫలానా హద్దుల్లో అదే వ్యాపారం చేయబోమని రాసిచ్చే ఒప్పందాన్ని, ఆ హద్దులు సబబైనవైతే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ అనుమతిస్తోంది. స్టాంపు కాగితం మీద మోటారు నంబరుతో సహా రాసుకునేవారు ఈ ఒక్క వాక్యం రాయించుకోరు.